నొక్కిపెట్టిన స్విచ్చి

ఆ ఆఫీసులో అందరూ ఆమెను టెస్టమ్మ అనేవాళ్ళు. అసలు పేరు గుర్తున్నది గేటు దగ్గర కార్డు చదివే యంత్రానికి మాత్రమే. వస్తువులను చావగొట్టడం ఆమె ఉద్యోగం. కాల్చి, చల్లార్చి, వణికించి, ఆవిరిలో పెట్టి, కోట్లసార్లు ఆడించి, ఏది ఎప్పుడు ప్రాణం విడుస్తుందో చెప్పాలి. ఆ వస్తువులను గీసి, తయారుచేయించేది ఆమె భర్త. ఆయన్ని డిజైనరుగారు అనేవాళ్ళు. "మొగుడు కడతాడు, పెళ్ళాం కూలగొడుతుంది, మధ్యలో మనందరికీ పని దొరుకుతుంది" అని కింది అంతస్తు వాళ్ళు జోకులు వేసేవాళ్ళు. మొదట్లో ఆలుమగలిద్దరూ నవ్వేవాళ్ళు. ఏళ్ళు గడిచాక నవ్వే ఓపిక లేక తల ఊపి ఊరుకునేవాళ్ళు.

వాళ్ళు చేస్తున్నది ఒక స్విచ్చి. గోడమీద దీపం స్విచ్చి లాంటిదే గానీ, ఆవగింజ మీద నాలుగైదు పట్టేంత చిన్నది. ఫోన్లలోనూ టవర్లలోనూ రేడియో సిగ్నల్ ఏ దారిన పోవాలో మళ్ళించే గేటు అది. అడుగున ఒక లోహపు పట్టీ, దానిమీద గాజులాంటి పల్చటి పూత, ఆ పైన కాస్త ఖాళీ వదిలి, రెండు కొసలా ఆనుకుని వంతెనలా నిలబడ్డ బంగారు రేకు. వెంట్రుకను వంద చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో అంత మందం. వోల్టేజి ఇస్తే రేకు కిందికి వంగి పూతను తాకుతుంది. తీసేస్తే తన బిగువుతో తనే పైకి లేస్తుంది. చెప్పడానికి రెండు ముక్కలు. చేయడానికి ఇద్దరి యవ్వనం పట్టింది.

మొదటి తరం స్విచ్చి ముక్కలు వంగి విరిగిపోయాయి. రెండో తరంవి లోపలికి తేమ దూరి పాడయ్యాయి. ఒక తరం అయితే ఎందుకు చచ్చిందో కూడా తెలియలేదు. ప్రతిసారీ చావుకబురు చల్లగా చెప్పాల్సింది టెస్టమ్మే. ఆ కబురు ఆఫీసులో చెప్పేసరికి సరిపోయేది కాదు. అదే కారులో, ఆయన పక్కనే కూర్చుని ఇంటికి రావాలి కదా. దారంతా ఆయన స్టీరింగు పట్టుకుని రోడ్డు చూసేవాడు, ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. మలుపు తిరిగాక ఎప్పుడో, "పూత ఇంకొంచెం పల్చగా వేస్తే?" అనేవాడాయన. "వేసి చూడండి" అనేది ఆమె. అంతటితో ఆ పూట సంసారం పూర్తయ్యేది.

చివరికి ఒక తరం ముక్కలు నిలిచాయి. వాటిని ఆమె ఆడించింది, ఆడించింది, ఇక లెక్కపెట్టడం యంత్రానికే విసుగు పుట్టేదాకా ఆడించింది. రేకు దిగుతూ లేస్తూనే ఉంది. ఒక పెద్ద ఫోన్ల కంపెనీ ముందుకొచ్చి, నమూనాలు పంపమంది. వాళ్ళు అడిగిన పరీక్షలన్నిట్లోనూ ముక్కలు గట్టెక్కాయి.

మేనేజరు ఆ రోజు అందరి బల్లల దగ్గరికీ స్వయంగా వచ్చాడు. ఆయన నోట ప్రతి రెండో మాట గడువు కాబట్టి ఆయనకు గడువుగారని పేరు పెట్టారు. చెడ్డవాడేం కాదు. పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మధ్య మద్దెలలా రెండువైపులా దెబ్బలు తినే మనిషి.

"నమూనాలు వెళ్ళిపోతే ఈ గ్రూపంతా డిజైనరుగారి చేతికే ఇస్తారట. పైన మాటయిపోయింది" అన్నాడు. "గడువులోగా సంతకాలు పెట్టేయండి చాలు."

టెస్టమ్మ సరేనంది. కానీ ఆమె మనసులో ఒక ముల్లు అప్పటికే గుచ్చుకుని ఉంది.

ఒక శుక్రవారం ఎవరో వోల్టేజి తీయకుండానే ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒక ముక్క సెలవులన్నీ నొక్కిపెట్టినట్టే ఉండిపోయింది. సోమవారం పొద్దున ఆమె చూసి వోల్టేజి ఇచ్చే మీట తీసేసింది. రేకు లేవలేదు. సరే, చచ్చిందనుకుని పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్ళింది. మర్నాడు పారేసేముందు ఎందుకో మరోసారి సూక్ష్మదర్శిని కింద పెడితే, రేకు ఏమీ ఎరగనట్టు పైకి లేచి ఉంది.

అప్పటినుంచి ఆమెకు నిద్ర పట్టకుండా పోయింది. ఇన్నాళ్ళూ వాళ్ళు పరీక్షించింది స్విచ్చి ఎన్నిసార్లు ఆడుతుందో మాత్రమే. ఎంతసేపు నొక్కి ఉంచితే తట్టుకుంటుందో ఎవరూ అడగలేదు. ఫోనులో అది ఒక్కోసారి గంటల తరబడి దిగే ఉండాలి. టవరు మీదైతే నెలల తరబడి. అంతసేపు ఉంచితే పూతలోకి కొద్దికొద్దిగా విద్యుత్తు ఇంకిపోయి, మీట తీసేశాక కూడా రేకును వదలకుండా లాగి పట్టుకుంటుందేమోనని ఆమె అనుమానం. ఇంకినది మెల్లగా ఆరిపోయాక రేకు దానంతటదే లేస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు. చచ్చిందని చూసేసరికి బతుకుతుంది, బతికిందని నమ్మితే చస్తుంది.

ఈ మాట భర్తకు చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఆయన గడువుగారికి చెప్పాలి, గడువుగారు పైకి చెప్పాలి, పైవాళ్ళు 'కస్టమరు అడగని పరీక్ష మనకెందుకు' అంటారు. అది ఒక కారణం. రెండోది, ఆమె అలసిపోయింది. మళ్ళీ ఆ కారులో, ఆ కిటికీ పక్కన, అదే కబురు మోసుకుని కూర్చోవడానికి ప్రాణం ఒప్పలేదు. ల్యాబు మూలన పాత ఓవెన్ ఒకటి ఉంది, ఎవరూ వాడరు. మంచి ముక్కలు కొన్ని తీసుకుని, వోల్టేజి ఇచ్చి, నొక్కిపెట్టి, అందులో ఉంచి తలుపు వేసింది. వేడిలో ఉంచితే నెలల్లో జరిగేది వారాల్లో తెలుస్తుంది.

ఆ వారాలన్నీ ఆమె ఇంట్లో మామూలుగానే ఉండడానికి ప్రయత్నించింది. ఇంట్లో అత్తగారు కూడా ఉండేది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తల మీద హెడ్‌సెట్ పోయినా గొంతులో ఆ ఉద్యోగం ఇంకా పోలేదు. ఎవరు ఏ గదిలోంచి పిలిచినా "చెప్పండి" అని స్పష్టంగా పలికేది.

"మీ స్విచ్చిలు పంపేస్తున్నారటగా" అందావిడ ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ. "వాడు రాత్రుళ్ళు పళ్ళు కొరకడం మానేశాడు. గోడ అవతలికి వినిపించేది."

"అవునత్తయ్యా, దాదాపు అయిపోయినట్టే."

"దాదాపు అంటే కాలేదన్నట్టే. నీ మొహం చూస్తే తెలుస్తోంది. స్విచ్చిల పేచీ నాకు కొత్తా? మా ఎక్స్ఛేంజిలో లైను కలిపే రిలే అతుక్కుపోతే పెన్సిలుతో ఒక్కటి వేసేవాళ్ళం. ఊడి వచ్చేది."

"వీటిని కొట్టే పెన్సిలు ఇంకా పుట్టలేదత్తయ్యా" అంది టెస్టమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వు సగంలో ఆమెకు ఏడుపొచ్చి, ఉల్లిపాయలు తనవైపు లాక్కుని తరగడం మొదలుపెట్టింది.

సంతకాల గడువుకు కొద్దిగా ముందు ఆమె ఓవెన్ తెరిచింది. ఈసారి టీకి వెళ్ళలేదు. మీట తీసిన క్షణం నుంచీ కన్ను తిప్పకుండా చూసింది. ఒక్క ముక్క లేచింది. మిగతావన్నీ పూతకు కరుచుకుని అలాగే పడుకున్నాయి. మధ్యాహ్నానికి మరొకటి లేచింది. మర్నాటికి ఇంకో రెండు. మనిషి కోపం తగ్గినట్టు ఒక్కొక్కటే తీరిగ్గా లేస్తున్నాయి. ఆమె అనుమానం అక్షరాలా నిజమైంది. ఇంత కచ్చితంగా నిజమైనందుకు ఆ రంగంలో ఉన్నవాళ్ళు సంతోషించాలి. ఆమె మాత్రం స్టూలు మీద కూర్చుని, ఏది ఎప్పుడు లేచిందో నోటుబుక్కులో రాసుకుంది.

ఆదివారం పొద్దున బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చెప్పింది. ఆయన తడి దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు, ఈమె రెండో కొస.

"ఒక సంగతి చెప్పాలండీ. రేకు లేవడం లేదు."

"ఏ రేకు?"

"మనదే. ఎక్కువసేపు నొక్కి ఉంచితే లేవడం లేదు. పూతలో చార్జి ఇంకిపోతోంది. ఓవెన్‌లో పెట్టి చూశాను."

ఆయన దుప్పటి పిండడం ఆపలేదు. "ఎప్పుడు పెట్టావు?"

"కొన్ని వారాలైంది."

"వారాలు" అన్నాడాయన. దుప్పటి తీగ మీద వేసి, ముడతలు సాపు చేసి, క్లిప్పులు పెట్టాడు. "రోజూ నా పక్కనే కూర్చుని వచ్చావు."

"పాసైతే అప్పుడు చెబుదామనుకున్నాను. ఒక్కసారైనా మీకు మంచి కబురు నా నోటితో చెప్పాలని. ఫెయిలవుతుందని తెలిసి పెట్టలేదండీ."

"ఫెయిలైనందుకు కాదు" అన్నాడు. ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అరిచినా బాగుండేది. ఆయన అరవలేదు. మాట్లాడడమే తగ్గించాడు. ఉప్పు అందుకో అంటే అందించేవాడు, కారు తాళాలేవంటే చెప్పేవాడు. అంతకుమించి మాట లేదు. రాత్రి మళ్ళీ పళ్ళు కొరకడం మొదలైంది. అత్తగారు రెండ్రోజులు చూసి, మూడోరోజు భోజనాల దగ్గర గరిటె కింద పెట్టింది.

"ఒరేయ్, ఈ ఇంట్లో లైను కట్టయిందా ఏంటి?"

"ఏం లేదమ్మా. అలసటగా ఉంది."

"అలసట దానికీ ఉంది. నీ కళ్ళకి కనబడడం లేదా?"

ఆ పూట ఆయన భార్య చేతిలోంచి అంట్లు తీసుకుని తనే తోమాడు. ఆమె తుడిచి సర్దింది. సింకు దగ్గర, ఆమె మొహం చూడకుండానే అడిగాడు.

"ఎన్ని లేచాయి?"

"వెంటనే ఒక్కటే."

"వేడి ఎంత పెట్టావు?"

చెప్పింది. ఆయన గిన్నె తోముతూనే లెక్కలు కట్టుకున్నాడు. పెదాలు కదలడం చూస్తే ఆమెకు తెలుస్తుంది. కాసేపటికి కుళాయి కట్టేసి, "టవరు మీద ఒక్క చలికాలం కూడా గడవదు" అన్నాడు. "నువ్వు చేసింది సరిగ్గానే ఉంది. నాకు చెప్పకపోవడమే బాగాలేదు."

"బాగాలేదు" అని ఒప్పుకుంది ఆమె.

మర్నాడు మీటింగు. గడువుగారు కాగితాలు పరిచి కలం తీసి పెట్టాడు. ఫోన్ల కంపెనీ తరఫు మనిషి మధ్యాహ్నానికి వస్తున్నాడు. టెస్టమ్మ గొంతు సవరించుకుంది. దారి పొడుగునా వల్లెవేసుకున్న వాక్యం ఒకటి నోటిదాకా వచ్చింది. అంతలో పక్కనుంచి భర్త గొంతు వినిపించింది.

"నమూనాలు పంపకూడదండీ. నా డిజైన్‌లో తప్పుంది."

గడువుగారు నవ్వబోయి ఆగాడు. డిజైనరుగారు విషయమంతా చెప్పాడు. అతుక్కుపోవడం, ఇంకిపోవడం, మర్నాటికి లేవడం. భార్య పెట్టిన పరీక్ష అని ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. రహస్యంగా పెట్టిందన్న మాట ఎత్తలేదు.

"వాళ్ళు ఈ పరీక్ష అడగలేదు కదా" అన్నాడు గడువుగారు మెల్లగా. "అడగని ప్రశ్నకి జవాబు ఎదురెళ్ళి ఇవ్వడం దేనికి? ముందు ఒప్పందం కానీండి, తర్వాత తరంలో సరిచేద్దాం."

"జవాబు తెలియనప్పుడు ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు తెలిసింది."

"గ్రూపు మూసేస్తారయ్యా. నీ పదవి పోతుంది. నాదీ పోవచ్చు."

"తెలుసు."

గడువుగారు టెస్టమ్మ వైపు చూశాడు. "మీరేమంటారమ్మా?"

"నేను సంతకం పెట్టలేనండీ" అంది ఆమె. వల్లెవేసుకున్న పెద్ద వాక్యంలో మిగిలింది ఆ రెండు ముక్కలే.

గడువుగారు కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుని, పరిచిన కాగితాలు మళ్ళీ ఫైల్లో పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు. బస్సు తప్పిపోయిన మనిషి ముఖంలా ఉంది. "మధ్యాహ్నం వచ్చేవాడితో నేనే చెబుతాను" అన్నాడు. "మీరిద్దరూ ఎదుట ఉండొద్దు. చూస్తే నాకు ధైర్యం చాలదు."

చెప్పాడు. ఫోన్ల కంపెనీ మర్యాదగా వెనక్కి తగ్గింది. అంత మర్యాదగా తగ్గినవాళ్ళు మళ్ళీ రారని అందరికీ తెలుసు. వాళ్ళు మామూలు చిప్పు స్విచ్చిలతోనే సరిపెట్టుకున్నారు. అవి సిగ్నల్‌ను కొంత మింగేస్తాయి గానీ ఎక్కడా అతుక్కోవు. గ్రూపు చెల్లాచెదురైంది. టెస్టమ్మను పక్క భవనంలో బాయిలర్ల ప్రెజర్ కొలిచే పరికరాల దగ్గర వేశారు. గడువుగారి కుర్చీ ఊడలేదు గానీ, గది మారింది, కిటికీ లేనిది వచ్చింది. డిజైనరుగారిని పాత పనుల నివేదికలు రాయమని ఒంటరిగా కూర్చోబెట్టారు. కింది అంతస్తు వాళ్ళు జోకులు మానేశారు. అదే టెస్టమ్మకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రోజుల్లో వాళ్ళిద్దరి మధ్య పోట్లాటలేమీ లేవు. పోట్లాడుకోవాలన్నా కాస్త ఓపిక ఉండాలి. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుని, దీపం వేయకుండా కూర్చునేవాళ్ళు. అత్తగారే వచ్చి దీపం వేసేది. ఒకరోజు టెస్టమ్మ అడిగింది.

"నామీద కోపముందా?"

ఆయన ఆలోచించాడు. అడిగినదానికి ఆలోచించి చెప్పడం ఆయన అలవాటు. "ఉండేది. ఇప్పుడు వెతికితే కనబడలేదు. అలిసిపోయి ఎక్కడో పడుకున్నట్టుంది."

నివేదికలు రాస్తూ రాస్తూ ఆయన కాగితాల అంచుల్లో బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ రేకు పూతను పూర్తిగా తాకితేనే స్విచ్చి బాగా మూసుకుంటుందని అనుకున్నారు. తాకనివ్వకపోతే? రేకు కింద అక్కడక్కడా చిన్న చిన్న పొట్టి స్తంభాలు నిలబెడితే, రేకు వాటిమీదే ఆగిపోతుంది. రేకు కిందున్న పూతనే తీసేస్తే ఇంకడానికి చోటుండదు. మధ్యలో సన్నటి గాలి పొర మిగిలిపోతుంది కాబట్టి గేటు అంత గట్టిగా మూసుకోదు. సిగ్నల్ కొంచెం కారుతుంది. ఫోన్లవాళ్ళు ఒప్పుకోరు.

"ఫోన్లవాళ్ళు ఎలాగూ పోయారుగా" అంది టెస్టమ్మ ఆ బొమ్మ చూసి.

"నువ్వు దీన్ని కూడా కూలగొడతావు."

"చూస్తాను" అంది. ఆ మాటకు చాలా రోజుల తర్వాత ఆయన మూతి ఒక పక్కకు వంగింది. దాన్ని నవ్వని చెప్పడం కష్టం, కాదనడమూ కష్టమే.

ఆ బొమ్మను గడువుగారి దగ్గరికి పట్టుకెళ్ళారు. ఆయన కిటికీ లేని గదిలో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థం చేసుకోవడానికి సమయం తీసుకున్నాడు, అర్థమయ్యాక ఎవరికో ఫోన్ చేశాడు. కొండల మీదా సముద్రపు ఒడ్డునా, దారి సరిగ్గా లేనిచోట్ల, ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్ళను వెతికేవాళ్ళ వాకీటాకీల కోసం సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టెలు చేసే చిన్న కంపెనీ ఒకటుంది. వాళ్ళ పెట్టె ఒకసారి పైకెక్కిస్తే మంచు కరిగేదాకా మనిషి వెళ్ళలేడు. బ్యాటరీ ఆదా కావాలి, అతుక్కోకూడదు. కాస్త సిగ్నల్ కారినా సర్దుకుంటారు.

"వీళ్ళకి గడువేమీ లేదు" అన్నాడు గడువుగారు ఫోన్ పెట్టేసి. అలా అన్నందుకు ఆయనకే వింతగా తోచినట్టుంది, ఆ మాట మళ్ళీ ఒకసారి అన్నాడు.

కొత్త ముక్కలు తయారవడానికి చాలాకాలం పట్టింది. అరువు తెచ్చుకున్న యంత్రాల మీద, ఇతర పనుల మధ్య ఖాళీల్లో చేయించాల్సి వచ్చింది. మొదటి విడతలో స్తంభాలు మరీ పొట్టివై రేకు అటు ఇటు కుంగింది. రెండో విడత ఓవెన్‌లోకి వెళ్ళే రోజున ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆమె ముక్కలు అమర్చింది, ఆయన తీగలు పట్టుకున్నాడు. ఈసారి తలుపు మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించింది ఆమె: ఇది నడుస్తోంది, ముట్టుకోవద్దు.

వారాలు గడిచాక మీట తీసిన పూట కూడా ఇద్దరూ ఉన్నారు. ఆమె సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. ఆయన గోడకు ఆనుకుని నిలబడి, అడగకుండా ఎదురుచూశాడు. ఆమె ఒక్కొక్క ముక్కా మారుస్తూ పోయింది. చివరిది చూశాక తల ఎత్తింది.

"లేచాయి."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి కాస్త బద్ధకించింది. కానీ లేచింది."

ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆ కబురు తన నోటితో చెప్పాలని ఆమె ఎన్నేళ్ళు అనుకుందో. చెప్పేసింది. గుండెలో ఏదో పొంగుతుందేమోనని ఒక నిమిషం ఆగి చూసుకుంది. ఏమీ పొంగలేదు. ఆకలిగా మాత్రం ఉంది.

"బద్ధకించినదాన్ని మళ్ళీ పెట్టాలి" అంది.

"రేపు పెడదాం" అన్నాడు ఆయన.

చిన్న కంపెనీవాళ్ళు ఆ స్విచ్చిలు తీసుకున్నారు. పెద్ద సంఖ్యేం కాదు. మొత్తం ఒక అరచేతిలో పట్టేన్ని. గ్రూపు మళ్ళీ ఏర్పడలేదు, పదవీ రాలేదు. ఇద్దరికీ వారంలో రెండు రోజులు ఆ పనికి అనుమతి ఇచ్చారు, అంతే.

ఆ మొదటి పెట్టెల్లోకి ముక్కలు పంపిన రోజు కారు షెడ్డులో ఉంది. బస్సెక్కారు. ఎండ ఇంకా పోలేదు, సీట్లు వేడిగా ఉన్నాయి. ఏదో మాట్లాడబోయి ఆమె ఆయన భుజం మీద నిద్రపోయింది. ఆయన కాసేపు మేలుకుని ఉండి, తర్వాత తనూ తల వాల్చాడు. మెలకువ వచ్చేసరికి బస్సు ఆగి ఉంది. ఎవరూ లేరు. డ్రైవరు కిందికి దిగి అద్దం తుడుచుకుంటున్నాడు.

"ఆఖరి స్టాపండీ" అన్నాడు లోపలికి తొంగిచూసి. "మీది ఎక్కడ?"

చెప్పారు.

"అది ఎప్పుడో దాటిపోయింది. ఇదే బస్సు మళ్ళీ వెనక్కి పోతుంది. కూర్చోండి, టీ తాగొచ్చి తీస్తాను."

ఇద్దరూ కూర్చున్నారు. కిటికీలోంచి ఎప్పుడూ చూడని వీధి ఒకటి కనిపించింది. ఎవరో తాళాలు బాగుచేసే దుకాణం ముందు నీళ్ళు చల్లుతున్నారు.

"ఇంట్లో కూరగాయలున్నాయా?" అన్నాడు ఆయన.

"లేవనుకుంటా. ఈ వీధిలో దొరుకుతాయేమో చూడండి."

"బస్సు వెళ్ళిపోతుందేమో."

"అయితే వద్దులెండి" అంది ఆమె. కళ్ళు మళ్ళీ మూసుకుంది.